గంట తాడు

ఆదివారం ఆరాధన అయినాక
కానుకల సంచి మూతి కట్టేసి
పాస్టరమ్మ ఇంకో సంచి విప్పింది.
బీపీ మిషను, సూదులు, దూది.
"ఎవరూ ఇంటికి పోవద్దండి" అనింది
దీవెన చెప్పే గొంతుతోనే.

ప్రభుబల్ల కాడికి పోయినట్టే
చేతులు చాపుకోని పోయినాం.
వేలి మీద రక్తపు బొట్టు చూసి
సిల్వాను కండ్లు మూసుకున్నాడు.
ముప్పై ఏండ్లు గనిలో బండలు పేల్చినోడు!

మా ఇంటాయన జెబెదయ్య
తలుపు కాడ చక్రాల కుర్చీలో కూచ్చోని
కానుకల పుస్తకం తిరగేసి
వెనక పుటల్లో అంకెలు రాసినాడు.
ముందు నుంచి చూస్తే పది, ఇరవై.
వెనక నుంచి చూస్తే నూట అరవై, రెన్నూట నలభై.
"ఇచ్చింది తక్కువ, దాచింది ఎక్కువ" అని
తానే నవ్వినాడు.
నా పేరు కాడికి వచ్చేతలికి
ఆ కలం కొంచేపు ఆగింది.

ఆయన కుడికాలు మోకాటి కింద లేదు.
రెండేండ్ల కిందట
కడప పెద్దాస్పత్రిలో వదిలేసి వచ్చినాం.
చెప్పు కరిచిన పుండు, అంతే.
ఒంట్లో చక్కెర ఉందని
మాకు డాక్టరు కంటే ముందు పుండే చెప్పింది.

"పొద్దున్నే అందరూ నడవాల" అనింది పాస్టరమ్మ.
కరుణమ్మ కొంగు అడ్డం పెట్టుకోని నవ్వింది.
"శనక్కాయ కోతకు నాలుగు మైళ్లు
ఎవరి కాళ్ల మీద పోతాండామమ్మా మేము?"
పాస్టరమ్మ కాడ జవాబు లేదు.
కొంచేపుండి, "నిజమే" అనింది.
ఆ మాటతోనే ఆమె నాకు నచ్చింది.

నడవాల్సింది మగోళ్లు.
గనులు మూతబడి
పాలిషు మిషన్లు నోరు మూసుకున్నాక
అరుగుల మీద నాపరాళ్ల మాదిరి పరచుకున్నోళ్లు.

ఇంక తిండి సంగతి.
కొర్రన్నం తినమంటే
మా దానమ్మవ్వకు కండ్లల్లో నీళ్లు తిరిగినాయి.
వరన్నం పండగకే చూసిన మనిషి.
రేషన్ కార్డు వచ్చిన ఏడు
పొయ్యి మీద తెల్లన్నం పొంగితే
ఈదంతా పిలిచి చూపించిన మనిషి.
"ఇంత దూరం వచ్చి మళ్లీ ఆడికేనా?" అనింది.
సరే, తిందామని కొట్టుకు పోతే
కొర్రలు కిలో నూట ఇరవై.
మా గింజను మా ఇంట్లో నుంచి
ఎవరు ఎప్పుడు ఎత్తుకపోయినారో
ఆ లెక్క ఏ పుస్తకంలోనూ లేదు.

కోతల పండగ ప్రేమవిందుకు
రాగిసంగటి, పుండుకూర, అలసందల పప్పు.
పాయసం గంగాళం లేదు.
పిల్లోళ్లు మొగాలు మాడ్చుకున్నారు.
సంఘపెద్ద సంగటి మెచ్చుకోని, చేయి కడుక్కోని,
బంకు వెనక నిలబడి జిలేబీ తిన్నాడు.
నేను చూసినాను. దేవుడూ చూసింటాడు.
దేవుడు క్షమిస్తాడు,
మా ఇంటాయన రాసుకుంటాడు.

నడకకు పిలుపు అయిదు గంటల గంట.
గంట కొట్టేది ఎప్పుడూ ఆయన పనే.
కాలు పోయినాక నాదయింది.
మొదటి వారం నలుగురొచ్చినారు,
రెండో వారం ఇద్దరు,
వాన పడిన రోజు ఒక కుక్క.

ఒకనాడు నేను లేచేతలికి మంచం ఖాళీ.
పరిగెత్తి చూస్తే
గంట స్తంభం కింద కుర్చీ ఉండాది.
ఆయన చేతులు పైకెత్తినాడు.
నిలబడే మనిషికని కట్టిన తాడు,
కూచ్చున్నోనికి అందలే.
"కాలే గదా పోయింది, భుజాలకేం రోగం?"
నన్నడగలే, తాడును అడిగినాడు.

ఇంట్లోకి పోయినాను.
పెట్టె అడుగున నా పెండ్లి తెల్లచీర.
అంచు వెంబడి చించి, మూడు పేటలు అల్లి
తాడు కొసకు ముడేసినాను.
మొదటి దెబ్బ పడలే.
రెండోది పడింది.

నిడుజువ్వి దావలో టార్చిలైటు ఒకటి,
కొంచెం వెనక ఇంకొకటి.
ముందర సిల్వాను,
దగ్గుకుంటా, తిట్టుకుంటా సంఘపెద్ద.

ఈయన లాగుతానే ఉన్నాడు.
చొక్కా వీపుకు అతుక్కుపోయింది.
"చాల్లే, ఊరంతా లేచింది" అన్నాను.
"పుస్తకం తీసుకురా" అన్నాడు,
"వెనక పుటలో నా పేరు రాయి.
ఈ పొద్దు యాభై రెండు."