లేబుళ్ళు ఊడిన డబ్బాలు

మా నాన్న ఫెర్గస్ మూడు పుస్తకాలు చదివి నావికుడయ్యాడు.
నాలుగోది, తుఫానుల గురించినది,
లైబ్రరీలో అప్పటికే ఇంకెవరో తీసుకెళ్ళారట.

పడవ ఓ పళ్ళ డాక్టరుది. వారానికి అద్దె. పేరు 'నిశ్చింత'.
ఓబన్ రేవులో దాన్ని చూసి అమ్మ
చేతిలో పెట్టె దించకుండానే అడిగింది:
"ఇందులో స్నానాల గది ఏదీ?"
నాన్న సముద్రం వైపు చెయ్యి చాపాడు,
రాజ్యం రాసిచ్చేస్తున్నట్టు.

మొదటిరోజు ఎండ.
స్కాట్లండ్ పడమటి తీరాన ఎండంటే
అలకపాన్పు ఎక్కబోయే ముందు కొత్తల్లుడి నవ్వు.
నమ్మి తువ్వాళ్ళు ఆరేసింది అమ్మ.

రెండోరోజు రేడియోలో ఓ పెద్దమనిషి
శుభలేఖ చదివినంత నింపాదిగా
"హెబ్రిడీస్. ఏడు. తర్వాత ఎనిమిది" అన్నాడు.
"ఏమిటవి, మార్కులా?"
"గాలి," అన్నాడు నాన్న. "పన్నెండుకి ఎనిమిదే.
ఇంకా నాలుగు తక్కువ."

మధ్యాహ్నానికి ఆ నాలుగూ ఎక్కడున్నాయో వెతుక్కుంటూ
సముద్రం పూనకమొచ్చినట్టు లేచింది.
ఓ కెరటం చెప్పాపెట్టకుండా వంటగదిలోకొచ్చి
ఓట్స్ జావ గిన్నెని తమ్ముడి నెత్తిన బోర్లించి
వచ్చిన దారినే పోయింది.
నాన్న కెప్టెన్ టోపీ, ఇరవై పౌండ్లు పెట్టి కొన్నది,
టిక్కెట్టు లేకుండా ఐర్లండ్ బయల్దేరింది.

"ముందు తెరచాప దించండి!" అని అరిచాడు నాన్న.
ఏది ముందో ఏది వెనకో
అప్పటికి ఆకాశానికే తెలీడం లేదు.
తమ్ముడు రూరీ ప్రాణాలకు తెగించి పాక్కుంటూ వెళ్ళి
అమ్మ తువ్వాళ్ళు దించుకొచ్చాడు.

నేను బకెట్టుని కౌగిలించుకున్నాను.
పొద్దున తిన్నది, నిన్న తిన్నది,
పోయిన క్రిస్మస్‌కి తిన్నదీ లెక్క అప్పజెప్పాను.

ఇంత జరుగుతున్నా ఓ మూల ఎఫీ అమ్మమ్మ
మేజోడు అల్లుతూనే ఉంది.
హెరింగ్ చేపల పడవలో పుట్టినంత పనయిన మనిషి,
ఎవరూ అడగలేదు కనక ఎవరికీ చెప్పలేదు.
"నలభై మూడో కుట్టు, గుర్తుపెట్టుకో" అని నాకు అప్పగించి
అల్లుణ్ణి మోచేత్తో పక్కకి జరిపి
చుక్కాని పట్టుకుంది,
మారాం చేసే పిల్లాడి చెవి పట్టుకున్నట్టు.

చీకటి పడ్డాక ఎక్కడో లంగరు వేశాం.
ఎక్కడో అంటే, నిజంగానే ఎక్కడో.
అడుగున చేరిన నీళ్ళలో డబ్బాల లేబుళ్ళన్నీ ఊడిపోయాయి.
భోజనం లాటరీ.
మొదటి డబ్బా పీచ్ పళ్ళు. రెండోదీ పీచ్ పళ్ళే.
మూడోది పళ్ళ డాక్టరుగారి కుక్కది.
రూరీ సగం తిన్నాక తెలిసింది, బాగుందన్నాడు.

దూరాన ఒకే ఒక్క దీపం.
"ఓడ!" అన్నాడు నాన్న. వంతులేసుకుని టార్చి ఊపాం.
ఓడ కూడా ఊపింది. రాలేదు.
ఇక రాదని తేలాక ఒక్కొక్కరం మనసులు విప్పాం.
పక్కింటి కిటికీ తనే పగలగొట్టానన్నాడు రూరీ.
గ్యారేజీలో స్కూటరు వాడికే అన్నాడు నాన్న.
అమ్మ చాలాసేపు ఊరుకుని,
"పద్నాలుగేళ్ళుగా చెప్పలేదు గానీ
మీ మీసం నాకు మొదట్నించీ నచ్చలేదు" అంది.
అమ్మమ్మ గురక పెట్టింది.

తెల్లారేసరికి నిశ్శబ్దం.
పడవ ఓ పక్కకి ఒరిగి పడుకుని ఉంది.
కిటికీలోంచి ఓ గొర్రె లోపలికి చూస్తోంది.
ఆటు వచ్చి నీళ్ళన్నీ వెళ్ళిపోయాయి,
చుట్టూ తడి ఇసుక, ముప్పై అడుగుల్లో పోస్టాఫీసు.
గమ్‌బూట్లేసుకున్న ఒకావిడ నడుచుకుంటూ వచ్చి
పడవ తలుపు తట్టింది:
"తొమ్మిదింటికి గానీ తెరవం. టీ అయితే ఇప్పుడే ఇస్తా.
రాత్రి మీరు లైటు ఊపారుగా,
మర్యాద కాదని నేనూ ఊపాను."

చావు తప్పాక చెప్పిన మాటలు వెనక్కి తీసుకోవడం కష్టం.
కిటికీ డబ్బులు కట్టాం. స్కూటరు మాత్రం నాన్న ఇవ్వలేదు.
మీసం ఆ వారమే తీసేశాడు;
అమ్మకి ఆ ముఖమూ నచ్చలేదు.

ఏటేటా ఆ కథలో కెరటాలు మూరెడు పెరుగుతాయి.
గొర్రె మాత్రం రాదు.
ఎప్పుడైనా నాన్న పడవల కేటలాగు తెరిస్తే
అమ్మ ఏమీ అనదు,
అల్మారాలోంచి మిగిలిన ఆ ఒక్క డబ్బా తెచ్చి
టేబుల్ మీద పెట్టి,
పక్కన ఓ చెంచా పెడుతుంది.