పావురాల లెక్క

బార్న్స్‌లీ మార్కెట్లో చేపల కొట్టుకూ
తాళంచెవులు కోసేవాడికీ నడుమ
నాదొక బల్ల, ఒక దీపం, పదహారు స్క్రూడ్రైవర్లు.
గురువారం పొద్దున, వాన ఇంకా తలుపు దగ్గరే ఉండగా
ఆర్నల్డ్ హెప్‌వర్త్ తన ల్యాప్‌టాప్‌ని
కోటు లోపల పెట్టుకుని తెచ్చాడు,
జబ్బు చేసిన పిట్టని తెచ్చినట్టు.

"కొత్తది ఎక్కించమని రోజూ పోరుతోంది.
ఎక్కించు. కానీ ఒక్క ఫైలు పోయినా
నిన్నేమీ అనను,
ఇక్కడికి మాత్రం మళ్లీ రాను."

ఆయనవి పందెం పావురాలు.
ముప్పై ఒక్క ఏళ్ల లెక్క అందులో ఉంది.
ఏ పిట్ట కాలి కడియం మీద ఏ అంకె,
ఏ ఎదురుగాలిలో ఫ్రాన్సు నుంచి ఎన్ని గంటలు,
ఏది రాలేదు.
రానివాటికి ఎదురుగా ఖాళీ గడి.
ఒక్కదాన్నీ కొట్టేయలేదు.

ముందు నకళ్లు తీశాను.
ఒకటి నా డిస్కులో, ఒకటి ఆయనకి.
రెండూ తన జేబులోనే వేసుకుంటానంటే ఒప్పుకోలేదు.
తర్వాత ఎప్పుడూ వచ్చే ఆ ప్రశ్నే వచ్చింది:
మీవి ఉంచమంటారా, ఏమీ వద్దా?
ఒకదాని కింద ఒకటి రెండు గుండ్రటి చుక్కలు,
రెండూ ఒకే సైజు.
ఇంత పెద్ద ప్రశ్నకి అంత చిన్న చుక్కలేమిటని
నాకెప్పుడూ కోపం.
కళ్లద్దాలు తుడుచుకుని, రెండుసార్లు చదివి, నొక్కాను.

నలభై మూడు శాతం దగ్గర ఆగింది.
తెర నల్లబడింది. అందులో మా ఇద్దరి మొహాలు.
ఆయన టీ చల్లారింది, నాది తొరక కట్టింది.
ఏదో ఒకటి మాట్లాడాలని ఆయనే మొదలెట్టాడు.
"ఓ ఏడు పాత చెక్క గూడు పీకేసి
పెరట్లో ఇంకో మూల కొత్తది కట్టాను.
మూడు వారాలు పిట్టల్ని లోపలే ఉంచి మేపాను.
వదిలితే తిన్నగా పోయి
పాత గూడు ఉండిన గాలి చుట్టూ తిరిగాయి,
వాలడానికి ఏమీ లేని చోట."

నలభై నాలుగు.

మధ్యాహ్నం రెండింటికి వెలిగింది,
కొత్త నీలం, నున్నటి మూలలు.
ఫోటోలున్నాయి. కరెంటు బిల్లులున్నాయి.
పావురాల ఫైలూ ఉంది,
అదే పేరు, అదే బరువు, ఒక్క బైటు తగ్గలేదు.
నొక్కితే తెరుచుకోలేదు.

ఇల్లు అలకగానే పండగ కాదు.
దాన్ని చదివే ప్రోగ్రాం రాసింది వాళ్ల క్లబ్బు మనిషేనట,
గనిలో ఎలక్ట్రీషియను,
గని మూసేశాక ఖాళీగా కూర్చోలేక నేర్చుకుని రాశాడట.
కొత్త ఇంట్లో ఆ భాష ఎవరికీ రాదు.
ఫైలు పోదని నేనిచ్చిన మాట నిలబడింది,
నిలబడి నా వంకే చూస్తోంది.

నయం, ఈ యంత్రం పాతదాన్ని వెంటనే పారేయదు.
మడిచి ఒక మూల పది రోజులు ఉంచుతుంది.
వెనక్కి తిప్పాను. ఇంకో గంట.
పాత నీలం, పాత చప్పుడు, తెరుచుకున్న గడులు.
ఏడాది తర్వాత ఏడాది
ఎవరింట్లోనైనా చదవగలిగే మామూలు అక్షరాల్లోకి ఒలిచాను,
అంకె, కామా, అంకె, కామా.
తొంభై ఏడు దాటేసరికి
చేపలవాడు ఐసు ఊడ్చేస్తున్నాడు.

ఖాళీ గడుల దగ్గర
రెండేసి కామాలు పక్కపక్కనే పడ్డాయి.
"తప్పులా?" అన్నాడు వేలు పెట్టి.
కాదు, రానివి, అన్నాను.
"సరే. అవీ లెక్కే."

మర్నాడు మళ్లీ ఎక్కించాను.
మళ్లీ నలభై మూడు దగ్గరే ఆగింది.
ఈసారి ఇద్దరం టీ తాగేశాం.

పదకొండో రోజుకి
పాత ఇల్లు తనంతట తానే చెరిగిపోయి ఉంటుంది.
ఆ రోజు గురువారం కాదు, అయినా వచ్చాడు.
ఏం పాడైంది అన్నాను.
ఏమీ పాడవలేదన్నాడు.
బల్ల పక్కన కాసేపు నిలబడ్డాడు,
కోటు విప్పకుండా.