మాసిక

గొట్టాన్ని పోలీసు కాయితం చూపించి
కొట్టు నుంచి నేనే తెచ్చుకున్నా, బస్సులో, ఒళ్ళో పెట్టుకుని.
పక్క సీటు పిల్లవాడు అడిగాడు: చేపల గాలమా, అవ్వా?
అలాంటిదే అన్నా.

మిగిలినవి పార్సిళ్ళలో వచ్చాయి.
బిర్చి కొయ్య, డెబ్బై ఏళ్ళ గ్రీజు తాగి
నల్లగా, మొండిగా.
చివరికి ఒక అగ్గిపెట్టె, అందులో మరలు.
లెక్కపెట్టాను. ఒకటి తక్కువ.

నా పేరు సైమి. ఈ కోవోలాలోనే
నలభై ఒక్క ఏళ్ళు కుట్టుమిషన్లు బాగుచేశాను.
టిక్కా మిషనైతే ఈ వేళ్ళకి కళ్ళతో పనిలేదు.
యుద్ధమయ్యాక, తుపాకులు చేసిన ఆ కార్ఖానాయే
పెళ్ళికూతుళ్ళకి మిషన్లు పోసింది.
గొట్టం మీద అదే ముద్ర కనబడితే
నవ్వొచ్చింది.
నువ్వా! పెళ్ళికి ముందు ఈ పనిలో ఉండేదానివా?

కొయ్యని పాత పేపర్లో చుట్టి
శనివారం సౌనాలోకి తీసుకెళ్ళాను.
పై బల్ల మీద అది, కింది బల్ల మీద నేను.
ఇద్దరికీ చెమటలు.
దానికి కారింది మాత్రం నలుపు,
మందుల కొట్టూ, రైలుపట్టాలూ,
ఎవరి జేబులోనో తడిసిన పొగాకూ
కలిసి కాగిన వాసన.
మూడో శనివారానికి రంగు తిరిగింది.
అప్పుడు బయటపడింది అతుకు:
ముందు సగం ఒక చెట్టు, వెనక సగం ఇంకో చెట్టు,
దువ్వెన పళ్ళలోకి దువ్వెన పళ్ళు దూర్చినట్టు
ఎవరో కొయ్యకి మాసిక వేశారు.
పనితనం గట్టిదే. నాకు తెలుసు కదా.

షూటింగ్ క్లబ్బు అర్మాస్ వచ్చాడు.
వేలితో తడిమి, ఈ సొట్ట గీకెయ్,
గాజుకాగితం తెచ్చానన్నాడు.
ఎడమ పక్క, బొటనవేలంత సొట్ట.
జారిపడ్డాడో, బావిలో మంచు పగలగొట్టాడో,
ఇంకేం చేశాడో.
గాజుకాగితం తిరిగిచ్చేశాను.
నా మొహం కూడా గీకుతావా, అర్మాస్, వచ్చినవాడివి?
అలిగాడు. అలిగి రెండు కప్పుల కాఫీ తాగాడు.

బోల్టు మీద మూడు నంబర్లు.
రెంటికి అడ్డగీత,
ఇల్లరికం వచ్చినవాడి ఇంటిపేరు కొట్టేసి
కొత్తది రాసినట్టు.
కొయ్య ఎప్పుడూ కప్పి ఉంచే చోట, తోక కింద,
సుత్తి బొమ్మ, ఏడాది, తర్వాత ఒక అక్షరం.
ఆ లిపి నాకు రాదు.
ఎదురు ఫ్లాటు తైసియాని పిలిచాను.
చెప్పులు విప్పి, కళ్ళజోడు తుడిచి, దీపం కిందికి వంగింది.
"పద్దెనిమిది వందల తొంభై ఏడు.
ఆ అక్షరానికి 'ఏడాది' అని, అంతే.
సుత్తి అంటే తూలా.
మా పెద్దమ్మ వాళ్ళ ఊరు. సమవార్లు చేస్తారక్కడ."

సమవార్ల ఊళ్ళో పుట్టి
కుట్టుమిషన్ల ఊరి గొట్టం తొడుక్కున్నదన్నమాట.
ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వచ్చిందో,
మధ్యలో ఆ చెయ్యి ఏమైందో.
వాళ్ళ తాత సంగతి ఆమె ఎత్తలేదు.
మా నాన్న సంగతి నేనెత్తలేదు.
నూనె సీసా మూత తెరిచి ఉంటే
తైసియా బిగించింది, బాగా, రెండుసార్లు.

తక్కువైన మర కోసం
మిషన్ల డబ్బా అంతా బోర్లించాను.
ఒక టిక్కా మర సరిగ్గా ఆ పొడుగే.
గుండె ఝల్లుమంది.
తిప్పితే ఒకటిన్నర చుట్టుకి పట్టేసింది.
చుట్లు వేరు.
బలవంతం చేస్తే రెండూ పాడవుతాయి, తీసేశాను.
ఆ కన్నం అలాగే ఉంది.

నిన్న తైసియా తెల్ల కర్టెన్లు తెచ్చింది, అంచు కుట్టమని.
మిషన్‌కీ తుపాకికీ నాది ఒకటే నూనె సీసా.
కుట్టు సగంలో ఉండగా గుడ్డ మీద
పెసరగింజంత మచ్చ పడింది.
ఇద్దరం చూశాం.
"పర్లేదు, ఉతికితే పోతుంది" అంది.

పోదు. నలభై ఒక్క ఏళ్ళు చూశాను.
ఊఁ అన్నాను,
మచ్చ మీదుగానే కుట్టుకుంటూ పోయాను.