రైలు వెనక్కి తిరిగే చోటు

ఒకాయామాలో వేలితో చూపించి కొన్న అన్నం డబ్బా
కొండల్లో ఊగే రైల్లో ఒళ్లో పెట్టుకుని
మత్సుయె చేరేసరికి పదకొండో రోజు.
ఇక ఈ దేశంలో దారి తప్పనని ధీమా.

నేల మీద గీసిన త్రికోణం దగ్గర నిలబడ్డం తెలుసు.
ఎస్కలేటరు మీద టోక్యోలో ఎడమ పక్క, ఒసాకాలో కుడి పక్క.
ఎర్ర దీపం వెలిగిందంటే అదే ఆఖరి బస్సు.
ఒంటరిగా తిరిగేదానికి ఈ మాత్రం చాలదా!

మర్నాడు పొద్దున్నే సరస్సు వెంట పోయే చిన్న రైలు.
రెండే పెట్టెలు.
ఇన్ని ఊళ్లు టింగుమంటూ వచ్చిన నా కార్డుని
కౌంటరులో అమ్మాయి రెండు చేతులా అందుకుని,
చూసి,
రెండు చేతులా తిరిగి ఇచ్చింది.
చెల్లదు అనడానికి ఇంత మర్యాద నేనెక్కడా చూళ్లేదు.
చిల్లర లెక్కపెట్టి టిక్కెట్టు కొన్నాను.
నా వెనకాల ఒక బడిపిల్ల సైకిలుకి కూడా టిక్కెట్టు కొని
దాన్ని ఎక్కించి, పడిపోకుండా మోకాలు అడ్డంపెట్టి
పుస్తకం తెరిచింది.

పరుగున వెళ్లి సరస్సు పక్క కిటికీ పట్టాను.
అటు సీట్లన్నీ ఖాళీగా ఉన్నా
ఒక ముసలాయన కొండ పక్కనే కూర్చున్నాడు,
సంచిలో ఉల్లికాడలు నిలబెట్టుకుని.
పాపం, ఏం చూస్తాడు అనుకున్నాను.
నాకేమో నీళ్లు, నీళ్ల మీద పడవలు,
పొడుగు గడకి కట్టిన బుట్టతో అడుగు గీరి
గుల్లలు తీసేవాళ్ల వంగిన వీపులు.

ఇచిబతగుచిలో ఆగింది.
తెల్ల గ్లవుజు చేత్తో సిగ్నలు వైపు వేలు చూపి
డ్రైవరు తనకి తనే ఏదో ఒప్పజెప్పుకున్నాడు.
టోపీ సర్దుకుని, సంచీ తీసుకుని
మా మధ్యనుంచి నడుచుకుంటూ అటు చివరికి వెళ్లాడు.
కదిలింది రైలు.
వచ్చిన వైపుకే!

గుండె జారి లేచి నిలబడ్డాను.
సైకిలు పిల్ల పుస్తకంలోంచి తల ఎత్తకుండానే
మోకాలు మార్చింది.

ముసలాయన నవ్వాడు.
ముక్కు మీద వేలు పెట్టుకుని, ఫుకుమా, అన్నాడు.
నా నోటుబుక్కు అడిగి పుచ్చుకుని గీత గీశాడు.
సరస్సు వెంట ఇక్కడిదాకా,
ఇక్కణ్ణుంచి కొండెక్కి గుడిదాకా.
రెండు కళ్లూ తడుముకుని దండం పెట్టాడు:
చూపునిచ్చే దేవుడు కాబోలు.
తర్వాత ఆ కొండ గీతని అడ్డంగా కొట్టేశాడు.
సీటు ఇనప కమ్మీని రెండుసార్లు తట్టి
గాలిలో తుపాకి పట్టుకున్నాడు.
అరచెయ్యి మోకాలి ఎత్తున ఉంచాడు.
అప్పుడు తను ఇంత.

పట్టాల్ని యుద్ధం తినేసింది.
రైలు మాత్రం ఇవాళ్టికీ
ఆ దారి మొదలుదాకా వచ్చి
కాసేపు నిలబడి
తిరిగి పోతుంది.

అప్పుడు గమనించాను.
నా కిటికీ నిండా కొండలు, కోసేసిన వరిమళ్లు.
సరస్సు ఆయన పక్కకి వెళ్లిపోయింది.

ముప్పై ఏళ్లు కళ్లద్దాల కొట్లో
అద్దం తిప్పి తిప్పి అడిగినదాన్ని:
ఇది బాగుందా, ఇంతకుముందుదా?
రెండూ ఒకటే అమ్మా అని తడబడితే
విసుక్కున్నదాన్ని.

సోనోలో ఫుకుమా గారు దిగుతూ
తన సీటు మీద రెండుసార్లు తట్టి చూపించారు.
వెళ్లి కూర్చున్నాను.
ఇంకా వెచ్చగా ఉంది.
ఒక ఉల్లిరేక మిగిలింది.
సరస్సు కొంచెంసేపే కనిపించింది, వెనక్కి పోతూ.