గేరుకర్రకు జోడు

మా షెడ్డులో మూడు వారాలుగా
రెండే సీట్ల కారొకటి తలుపులు బార్లా తెరుచుకుని ఉంది.
పోర్తులో ఒక పళ్ళ డాక్టరు దగ్గర కొన్నాం.
బయట ఎరుపు. లోపల
సీటు అంచులు అరిగి
పళ్ళూడిన నవ్వులా స్పాంజి.

అదెరీతు డాష్‌బోర్డు ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు.
చర్చిలో ఎన్నడూ అంతసేపు అలా లేడు.
ప్లాస్టిక్ క్లిప్పొకటి ఠప్పుమంది.
"అది విరగాల్సిందేలే" అన్నాడు.
రెండోది విరిగాక ఏమీ అనలేదు.

పాత రేడియో ఊడొచ్చింది.
వెనకంతా తీగల చిక్కు:
పసుపుది బ్యాటరీకి,
ఎర్రది తాళం తిప్పితే మేల్కొనేది,
నల్లది ఎర్తు.
నాకు రంగులు విడమరచి చెప్పక్కర్లేదు,
ముప్ఫై ఒక్కేళ్ళు దారం చూసి బతికినదాన్ని.

ఫెల్గైరష్‌లో బూట్ల ఫ్యాక్టరీ, మూడో వరస, ఏడో మిషను.
ఎవరెవరి కాళ్ళకో పైతోలు కుట్టాను,
ఆ కాళ్ళ మీది మొహాలెలా ఉంటాయో తెలీదు.
మూసేసిన రోజు
జీతం బాకీ కింద మిషనునే ఇచ్చి పంపారు.
ఇప్పుడది షెడ్డు మూల, ఉల్లిపాయల జడల కింద.

ఇవాళ దాని మీద గేరుకర్రకు తొడుగు కుట్టాను.
నాలుగు ముక్కలు, పైన సన్నం, కింద వెడల్పు.
తిరగేస్తే మడమ లేని బూటు.
"ఒంటికాలి గిరాకీ" అన్నాను.
"నయం, బేరమాడదు" అన్నాడు.

తలుపు పలకకు తోలు లాగి
జిగురు ఆరేదాకా బట్టల క్లిప్పులు పెట్టాను.
అయినా మూల దగ్గర ఒక మడత ఉండిపోయింది.
ఎవరికీ కనపడదంటాడు.
నాకు కనపడుతుంది. ఎక్కి కూర్చున్నప్పుడల్లా కనపడుతుంది.

తలుపు కడుపులో ఆయన తారుపలకలు అతికించాడు.
తడితే మొన్నటిదాకా రేకుడబ్బా,
ఇప్పుడు పండిన గుమ్మడికాయ.
"చూశావా!" అంటూ నాచేత నాలుగుసార్లు తట్టించాడు.

స్పీకర్లు బిగించి ఇంజను వేస్తే
ఏదో ఈల.
ఇంజను హెచ్చితే ఈలా హెచ్చుతుందట.
"వినపడుతోందా నీల్ద్?"
"ఆఁ" అన్నాను.

నాకు ఈలలు వినపడవు.
ఏడో మిషను ఎప్పుడో వాటిని పట్టుకుపోయింది.
పిచ్చుకలు ఊరికే నోళ్ళు తెరుస్తాయి.
ఆయనకు చెప్పలేదు.
మొదట సిగ్గు, తరవాత అలవాటు.

మూడు రాత్రులు వెతికాడు,
జోరీగ ముసిరిన ఎద్దులా తల విదిలించుకుంటూ.
తీగలు ఈ పక్కవి ఆ పక్కకు మార్చాడు.
అడిగినప్పుడల్లా "తగ్గింది" అనో "ఇంకా ఉంది" అనో
ఆయన కనుబొమలు చూసి చెప్పాను.

మూడో రాత్రి టార్చి నా చేతిలో ఉంది.
నల్లతీగ బోల్టు కింద
నిగనిగలాడుతూ ఎర్ర రంగు.
"మెరిసే తోలుకు జిగురు పట్టదు" అన్నాను,
"ముందు గీకాలి."
తోలుకత్తితో నేనే గీకాను,
తెల్లటి ఇనుము బయటపడేదాకా.

బోల్టు బిగించి ఇంజను వేశాడు.
ఆయన భుజాలు కిందికి దిగాయి.
"పోయింది" అన్నాను,
ఆయన అడక్కముందే.

నా వంక చూశాడు. చాలాసేపు చూశాడు.

రేడియోలో ఎవరో బొంగురు గొంతాయన
సముద్రం సంగతులు చదువుతున్నాడు:
వియానాకు దక్షిణంగా అలలు మూడు మీటర్లు.
మాకు పడవ లేదు.
అయినా ఇద్దరం కదలకుండా కూర్చున్నాం.
తలుపు మీద ఆనించిన నా అరచేతి కింద
ఆ మడత వణుకుతోంది.

"సన్న స్వరాలు కాస్త పెంచనా?"
మీట మీద వేలు పెట్టి
ముందద్దంలోకి చూస్తూ అడిగాడు.
"పెంచు" అన్నాను.

ఆయన బేస్ పెంచాడు.