నీ దగ్గర పొద్దుందా?

కొల్చానీలో మా గడప దాటితే
ఉప్పు. ఇంకేమీ లేదు.
పళ్ళెంలో పోసి అరచేత్తో సవరించినట్టు
కళ్ళు మండేంత తెలుపు.
"ఇంతకంటే బల్లపరుపు నేల ఎక్కడుందే?
మీ పంతులమ్మనే వచ్చి చూడమను"
అన్నాడు నాన్న సతుర్నీనో,
గొడ్డలితో ఉప్పుదిమ్మ చీలుస్తూ.

దిమ్మలో గోధుమరంగు చారలుంటాయి,
వానాకాలానికి ఒకటి చొప్పున.
నాది తొమ్మిది చారల వయసు.
తొమ్మిది చారల పిల్ల మాట ఎవరు వింటారు?

అయినా లారీలో పక్కన కూర్చుని అడిగాను:
చేపదీవి ఒక్కసారిగా ఎందుకు కనపడదు?
ముందు జెముడుచెట్ల తలలు, చీపురుపుల్లల్లా.
ఆనక రాళ్ళు.
పాదం చిట్టచివర, బ్రేకు వేయబోయే ముందు.
పొగమంచు లేదు, అడ్డంగా గడ్డిపరకైనా లేదు,
మరి దీవి నడుందాకా దేంట్లో మునిగింది నాన్నా?

"ఎండమావి."

ఎండమావి మధ్యాహ్నపు అబద్ధం.
దీవిని గాల్లోకి ఎత్తుతుంది గానీ ముంచదు.
ఈ మాట చెప్పిందీ ఆయనే, పోయినేడు.
గేరు మార్చి ఊరుకున్నాడు.

సాయంత్రం
లోడు మీద నిలబడి తాడు బిగిస్తున్నాడు.
నేను కింద బోర్లా పడుకున్నాను,
చెంప కింద ఉప్పు కరకరలాడుతోంది.
పడమట ఆఖరి ఎర్రచుక్క ఆరిపోయింది.
"పోయింది!" అని అరిచాను.
"ఎక్కడికే, ఇదిగో ఉందిగా" అన్నాడు పైనుంచి.
అని, తన మాట తనకే మళ్ళీ వినపడినట్టు
తాడు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.
పన్నెండు దాకా లెక్కపెట్టాను.
"ఆఁ... ఇప్పుడు పోయింది."

తూర్పున నీలంగా ఒక నీడ లేస్తోంది,
దాని నెత్తిన గులాబీ అంచు.
అది మబ్బు కాదు, మన నేల నీడేనట.
ఆ సంగతి ఎత్తలేదు నేను.
పూటకు ఒక్కటి చాలు ఆయనకు.

దిగి, చేతులు దులుపుకుని, ఫోను తీశాడు.
యీకాలో, ఉప్పుకు పడమటి ఒడ్డున, మా మేనత్త బసీలియా.
ఒక లామా పిల్ల దగ్గర రాజుకున్న తగువు,
ఆరు చారలుగా ఇద్దరికీ మాటల్లేవు.
బాగున్నావా అనలేదు. పేరైనా చెప్పలేదు.
"నీ దగ్గర పొద్దుందా?" అన్నాడు.

అవతల గరిటె చప్పుడు ఆగింది.
"ఉంది. కిటికీలోంచి గిన్నె మీద పడుతోంది.
దేనికి?"
"ఇక్కడ పోయింది."
"పోతే?"
"పోయినప్పుడు చెప్పు."

ఇద్దరూ ఫోను పెట్టేయలేదు.
ఉప్పు చల్లబడుతోంది.
గిన్నెలో ఏదో ఉడుకుతున్న శబ్దం
ఇక్కడిదాకా వచ్చింది.
ఒకసారి ఎవరో దగ్గారు, ఎవరో తెలీలేదు.
ఐదు నిమిషాలకు కాస్త తక్కువ.
నేల ఎంత వంగితే అంతసేపు.

"పోయిందిరా, సాతూ" అంది అత్త.

ఆయన్ని అలా పిలిచేవాళ్ళు
ఇంకెవరూ లేరు.