గేటు దాకా

జహ్రాలో మా బాబా ఇంటి వెనక,
నీళ్ల ట్యాంకు కింద రేకుల షెడ్డులో
డెబ్బయ్యో సంవత్సరం షెవెల్
చక్రాల్లేకుండా నాలుగు దిమ్మెల మీద నిలబడి ఉండేది.
వెనక సీట్లో పిల్లి ఈనింది.

ముసలాయనకు చేతులు వణుకుతాయి,
చాయ్ గ్లాసు పట్టుకుంటే సాసరు మోగుతుంది.
రాయచోట్లో లారీ బాడీలు కట్టినోణ్ణని
ఎవరు చెప్పారో ఏమో,
ఒక రాత్రి గ్రైండరు నా చేతిలో పెట్టి
"యల్లా, బూ లేస్" అన్నాడు.

నా పేరు ఓబులేసు.
ఆయన నోట్లో అది 'లేసు వాళ్ల నాయన' అయి కూచుంది.
లేసనే కొడుకు నాకెక్కడా లేడు.
రెండుసార్లు సరిదిద్ది ఊరుకున్నాను.

పగలంతా నేను తెల్ల ల్యాండ్ క్రూజర్ మనిషిని,
ముగ్గురు పిల్లలకు బడి, మేడానికి కోఆపరేటివ్,
మందుల చీటీకి ఆస్పత్రి.
ఇషా నమాజు దాటాక షెడ్డు.
సీటు పీకితే అడుగున
రెండు దోసిళ్ల ఇసుక, ఒక ఖర్జూరం గింజ,
డెబ్బై ఎనిమిది నాటి పెట్రోలు రసీదు.
రసీదు ఆయన జేబులోకి పోయింది.
గింజ నాకు మిగిలింది.

అమ్ఘరా తుక్కు దిబ్బల్లో
మూతి పగిలిన కాప్రిస్ దొరికింది.
లోపల ఇంజను చెక్కుచెదరలేదు.
మూడొందల పది దీనార్లు, బేరమాడితే.
కొత్త గుండెకు పాత పక్కటెముకలు చాల్లేదు.
మౌంట్లు కోశాం, ఫైర్‌వాల్ తొలిచాం,
గేరుబాక్సు పట్టేందుకు సొరంగాన్ని బెత్తెడు లేపాం.
బెత్తెడు నా లెక్క. టేపు ఆయనది.
ఒకసారి టేపే తప్పింది.

కారు కింద నేను పడుకుంటే
పక్కన గొంతుకూచుని ఆయన టార్చి పట్టేవాడు.
వెలుతురు వణికేది.
బోల్టు కనిపించి, మాయమై, మళ్లీ కనిపించేది.
కనిపించినప్పుడే స్పానరు తిప్పడం
కొన్నాళ్లకు చేతికి అలవాటయింది.

ప్లగ్గులు మండే వరస ఆయనకు కంఠతా:
ఒకటి, ఎనిమిది, నాలుగు, మూడు,
ఆరు, అయిదు, ఏడు, రెండు.
యాభై ఏళ్లుగా తస్బీ పూసల్లా జరుపుతున్నాడు.
ఈ ఇంజనుది వేరే వరస:
ఒకటి, ఎనిమిది, ఏడు, రెండు,
ఆరు, అయిదు, నాలుగు, మూడు.
నాకు రెండో రాత్రికే వచ్చేసింది.
ఆయన మాత్రం ఏడు దగ్గరికి రాగానే ఆగి
నా మొహం చూసేవాడు,
పదమూడో ఎక్కంలో ఇరుక్కున్న పిల్లాడిలా.

ఫిబ్రవరి చలిలో తాళం తిప్పాం.
మూడుసార్లు దగ్గింది.
నాలుగోసారి
ట్యాంకు మీది పావురాలన్నీ ఒక్క పెట్టున,
రోసెల్ ఆరేసిన దుప్పట్లు,
పైకిటికీలో మేడం మొహం.
"లేసింది!" అని అరిచాను మా యాసలో.
నా కొడుకును పిలిచాననుకున్నాడేమో,
ఇంజను మీద అరచెయ్యి పెట్టి
"లేస్, లేస్" అని నిమిరాడు.
వణికేది చెయ్యో ఇనుమో
ఆ ఒక్క నిమిషం తెలీలేదు.

తనిఖీవాళ్లు ఒప్పుకోలేదు.
బాడీ నంబరు ఒకటి, ఇంజను నంబరొకటి,
కాగితంలో ఉన్నది ఈ కారు కాదన్నారు.
ట్రక్కు మీద కట్టుకుని వెనక్కి తెచ్చాం.
నా కార్డులోనూ పేరు ఒక అక్షరం తేడానే,
అయినా తిరగడం లేదూ అందామనుకున్నాను.
ఆయన కిటికీ వైపు చూస్తున్నాడు. అనలేదు.

ఇప్పుడు శుక్రవారం పొద్దున్నే
షెడ్డు నుంచి గేటు దాకా, పద్నాలుగు మీటర్లు.
నాలుగొందల గుర్రాలు
నిండు బిందె మోస్తున్నట్టు కదిలి,
గేటుకు తగలకుండా ఆగి, రివర్సు.
బయట పాల వ్యాను పోతుంది.
ముసలాయన అద్దం దించి, మోచెయ్యి బయటపెట్టి
గాలికి కళ్లు చికిలిస్తాడు.

మొన్న దారిలో లెక్క మొదలుపెట్టాడు.
ఒకటి, ఎనిమిది, ఏడు...
ఆగాడు.
నేను అందించలేదు.
గేటు ఇంకా రెండడుగులుంది.
"రెండు" అన్నాడు.